మీకు తెలుసా? ఒక ఊరి దారి ఇంకో ఊరికి

ప్రభుత్వమే పూనుకుని ప్రజలకు బస్సులు నడపడం మన దేశంలో ఎక్కడ మొదలైందని అడిగితే చాలామంది బొంబాయి పేరో మద్రాసు పేరో చెప్తారు. ఆ పని మొదలైంది మన హైదరాబాద్ సంస్థానంలో. 1932 జూన్ 15న 27 బస్సులు, 166 మంది సిబ్బందితో నిజాం ప్రభుత్వం రోడ్డు రవాణా సర్వీసు ప్రారంభించింది. దేశంలో ప్రభుత్వ రంగంలో తొలి బస్సు సర్వీసుగా దీన్నే చెప్పుకుంటారు. బస్సులు వచ్చింది స్కాట్లండ్‌లోని గ్లాస్గోలో ఉన్న ఆల్బియన్ కంపెనీ నుంచి. ఆ కాలపు ఆల్బియన్ బస్సు ఒకటి ఇప్పటికీ హైదరాబాద్ బస్ భవన్‌లో భద్రంగా ఉంది.

అంతకన్నా పెద్ద విశేషం ఇంకొకటి. ఆ బస్సులను నడిపింది రైల్వే. నిజాం స్టేట్ రైల్వేలోనే రోడ్డు రవాణా ఒక విభాగం. రైలు వెళ్లలేని ఊరికి బస్సు వెళ్లాలి, బస్సు దిగినవాడికి రైలు అందాలి అన్న లెక్క ఒకే ఆఫీసులో, ఒకే బల్ల మీద తేలేది. తర్వాత దక్కన్ ఎయిర్‌వేస్ విమానాలు వచ్చినప్పుడు వాటితోనూ ఆ రైల్వేకు సంబంధం ఉండేది. 1951 నవంబరు 1 నుంచి బస్సులు రైల్వే చేతుల్లోంచి హైదరాబాద్ రాష్ట్ర ప్రభుత్వం కిందికి వచ్చాయి. 1958 జనవరి 11న ఏపీఎస్ ఆర్టీసీ ఏర్పడింది. ఆ తర్వాత రైలు వాళ్ల టైము రైలు వాళ్లది, బస్సు వాళ్ల టైము బస్సు వాళ్లది అయిపోయింది. 2006లో కేంద్రం జాతీయ పట్టణ రవాణా విధానం తెచ్చి, నగరంలోని బస్సు, రైలు, రోడ్డు అన్నీ కలిపి ఆలోచించే ఒక సంస్థ ఉండాలని చెప్పింది. అందుకే హైదరాబాద్‌లో అలాంటి సంస్థగా హుమ్టా ఏర్పడింది. కొత్త ఆలోచనగా మన దగ్గరికి వచ్చినది మన పాత అలవాటే.

ఈ విషయం పెద్ద నగరాలకే పనికొస్తుందనుకుంటే పొరపాటు. మన పాలమూరులోని వనపర్తి, గద్వాల, నాగర్‌కర్నూల్ జిల్లాలనే చూడండి. వనపర్తి పేరు పెట్టుకున్న వనపర్తి రోడ్ స్టేషన్ వనపర్తిలో లేదు, మదనాపురంలో ఉంది. గద్వాలకు రైలుంది, 2013లో రాయచూరు లైను కూడా కలిసి జంక్షన్ అయింది. నాగర్‌కర్నూల్ పట్టణానికి రైలే లేదు. వనపర్తి జిల్లాలోని పాన్‌గల్ వాళ్లు రైలెక్కాలంటే ముందు బస్సో ఆటోనో ఎక్కాల్సిందే. రైలు దిగి సామానుతో బయటికొచ్చేసరికి బస్సు ఎదురుగా నిలబడి ఉండటం, లేకపోవడం, ఈ రెండింటి మధ్య తేడా ఎంతో ఇక్కడివాళ్లకు చెప్పనక్కరలేదు. హైదరాబాద్‌లో ఒక బస్సు తప్పితే ఇంకొకటి వస్తుంది. ఇక్కడ ఆఖరి బస్సు తప్పితే ఆటో మాట్లాడుకోవాలి, ఆటోవాడు ఎంతంటే అంత. కాబట్టి రైలు టైమూ బస్సు టైమూ ఒకే బల్ల మీద కలవాల్సిన అవసరం మహానగరానికన్నా మన మూడు జిల్లాలకే ఎక్కువ. దీనికి కోట్ల ఖర్చు లేదు. డిపో మేనేజర్ దగ్గర రైళ్ల టైం టేబుల్ ఒకటి ఉండి, దాని ప్రకారం రెండు మూడు ట్రిప్పులు సర్దితే చాలు.

మరి బస్సు అనే ఆలోచన గ్లాస్గోలో పుట్టిందా అంటే, కాదు. 1826లో ఫ్రాన్స్‌లోని నాంత్ పట్టణంలో స్టానిస్లా బోద్రీ అనే ఆయన, ఎవరు పడితే వాళ్లు డబ్బిచ్చి ఎక్కగలిగే పెద్ద గుర్రపు బండ్లు నడిపాడు. రెండేళ్లకు అవి పారిస్ చేరాయి. పారిస్‌లో బండ్లు కట్టే జార్జ్ షిల్లిబీర్ అనే ఇంగ్లీషువాడు వాటిని చూసి 1829 జులైలో లండన్‌లో మొదలుపెట్టాడు. మూడేళ్లలో మూడు ఊళ్లు. పుట్టింది మాత్రం పారిస్‌లో కాదు, దానికంటే చిన్న ఊళ్లో. ఈ ముక్క గుర్తు పెట్టుకోండి, ముందు ముందు పనికొస్తుంది.

బస్సుకు దారి, మనిషికి మెట్టు

బ్రెజిల్‌లో కురిచీబా అనే నగరం ఉంది. 1970ల మొదట్లో అక్కడికి మెట్రో రైలు కావాలని అందరూ అనుకున్నా దానికి సరిపడా డబ్బు లేదు. మేయర్ జైమీ లెర్నర్ వృత్తిరీత్యా వాస్తుశిల్పి. రైలు కొనలేకపోతే బస్సునే రైలులా నడుపుదామని, 1974లో రోడ్డు నడిమధ్యన బస్సులకే వేరే దారి వదిలాడు. తర్వాత గాజు గొట్టాల్లాంటి స్టేషన్లు కట్టారు. టికెట్టు స్టేషన్‌లోకి అడుగు పెట్టేటప్పుడే తీసుకోవాలి, స్టేషన్ నేల బస్సు నేలతో సమానంగా ఉంటుంది, బస్సు ఆగగానే నాలుగైదు తలుపులూ ఒక్కసారి తెరుచుకుంటాయి.

ఇందులో కిటుకు ఎక్కడుందో చూడాలంటే మన బస్సు దగ్గరికి రావాలి. సంత రోజు పల్లె వెలుగు బస్సు ఆగిందనుకోండి. మొదటి మెట్టు మోకాలెత్తున ఉంటుంది. చంకన పిల్లాడు, చేతిలో సంచి ఉన్న తల్లి ముందు సంచిని లోపలికి అందించి, కమ్మీ పట్టుకుని, కాలెత్తి ఎక్కాలి. వెనక ముసలవ్వ ఉంటే ఎవరో చెయ్యి అందించాలి. దిగేవాళ్లూ అదే తలుపులోంచి దిగాలి. కండక్టర్ చిల్లర వెతకాలి. బస్సు ఆలస్యం కావడానికి ఇంజను కారణం కాదు, ఈ ఎక్కడం దిగడమే. దారి ఎంత బాగున్నా ప్రతి స్టేజీలో పోయే నిమిషాలు తిరిగి రావు. కురిచీబా చేసిందల్లా ఆ నిమిషాలను లెక్కపెట్టి, వాటిని మిగిల్చే ఉపాయం కనిపెట్టడం.

కొలంబియా రాజధాని బొగోటా ఆ ఉపాయాన్ని నేర్చుకుంది. మేయర్ ఎన్రీకె పెన్యలోసా హయాంలో 2000 డిసెంబరులో ట్రాన్స్‌మిలేనియో పేరుతో ఆ పద్ధతిని ఇంకా పెద్ద ఎత్తున మొదలుపెట్టారు. బొగోటాను చూసి 2004లో జకార్తా, తర్వాత ఇంకా ఎన్నో నగరాలు అదే బాట పట్టాయి. 2009లో అహ్మదాబాద్ జన్‌మార్గ్ వచ్చింది. ఆ గాలి మన తెలుగు నేల మీదికీ వీచింది. కేంద్ర పథకమైన జేఎన్ఎన్‌యూఆర్ఎం నిధులతో విశాఖపట్నంలో పెందుర్తి వైపు, సింహాచలం వైపు బీఆర్టీఎస్ రోడ్లు వేశారు. విజయవాడలోనూ వేశారు.

ఫలితం ఒకే తీరుగా రాలేదు. బెజవాడలో ఎవరినడిగినా బీఆర్టీఎస్ రోడ్డు చూపిస్తారు. పేరు నిలిచింది, రోడ్డు నిలిచింది. బస్సుకు మాత్రమే అన్న నియమం నిలవలేదు. ఇవాళ అది అందరి రోడ్డు. ఇందులో ఎవరినీ తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు. కానీ ఒక ఊరి నుంచి నేర్చుకునేటప్పుడు ఏది తెచ్చుకోవాలన్నది ఇక్కడ స్పష్టంగా కనపడుతుంది. కురిచీబా రహస్యం కాంక్రీటు రోడ్డులో లేదు. ఎక్కేముందే టికెట్టు, సమానమైన నేల, ఎక్కువ తలుపులు, ఎదురుచూడనక్కరలేనన్ని బస్సులు, ఇవన్నీ కలిస్తేనే అది పనిచేస్తుంది. రోడ్డు తెచ్చుకుని మిగతావి వదిలేస్తే మిగిలేది రోడ్డే.

సున్నా టికెట్టు ప్రయాణం

ఉచిత బస్సు మన అక్కచెల్లెళ్లందరికీ తెలిసిన సంగతే గానీ, ఆ ఆలోచన ఎన్ని ఊళ్లు తిరిగి వచ్చిందో తెలిసినవాళ్లు తక్కువ. ఎస్తోనియా రాజధాని తాలిన్ 2013 జనవరి 1 నుంచి తన నగరవాసులందరికీ బస్సులు, ట్రాములు ఉచితం చేసింది. 2020లో లక్సెంబర్గ్ దేశం మొత్తానికీ ఉచితం చేసింది. మన దేశంలో ఢిల్లీ 2019 అక్టోబరు 29న ఆడవాళ్లకు గులాబీ రంగు టికెట్టుతో ఉచిత బస్సు మొదలుపెట్టింది. 2021లో పంజాబ్, తమిళనాడు అందుకున్నాయి. 2023 జూన్ 11న కర్ణాటకలో శక్తి వచ్చింది. అదే ఏడాది డిసెంబరు 9న తెలంగాణలో మహాలక్ష్మి. 2025 ఆగస్టు 15న ఆంధ్రప్రదేశ్‌లో స్త్రీశక్తి. పథకం మొదలుకాకముందు ఆంధ్రప్రదేశ్ మంత్రుల బృందం బెంగళూరు వెళ్లి శక్తి ఎలా నడుస్తోందో చూసి వచ్చింది. ఒకరు పడ్డ ఇబ్బంది ఇంకొకరు పడకుండా ఉండటానికి అడిగి తెలుసుకోవడం కన్నా చవకైన దారి లేదు.

ఇందులో నాకు బాగా నచ్చిన చిన్న సంగతి, ఉచిత ప్రయాణానికి ఇచ్చే ఆ సున్నా టికెట్టు. డబ్బు తీసుకోనప్పుడు టికెట్టు ఎందుకని చాలామంది అడిగారు. ఆ కాగితం ముక్క మీద ఎక్కడ ఎక్కారు, ఎక్కడ దిగుతారు అన్నది ఉంటుంది. ప్రభుత్వం ఆర్టీసీకి చెల్లించాల్సిన లెక్క దాని మీదే ఆధారపడుతుంది. అంతకుమించి, ఒక జిల్లాలో ఆడవాళ్లు ఏ ఊరి నుంచి ఏ ఊరికి, ఏ వేళప్పుడు వెళ్తున్నారో చెప్పే సమాచారం ఆ టికెట్లలో పోగుపడుతోంది. ఆసుపత్రికా, కాలేజీకా, కూలికా అన్నది టికెట్టు చెప్పదు గానీ, పొద్దున ఏడున్నరకు ఏ స్టేజీలో ఎంతమంది నిలబడుతున్నారో చెప్తుంది. కొత్త ట్రిప్పు ఎక్కడ వేయాలో తేల్చడానికి ఇంతకన్నా మంచి సర్వే ఎవరూ చేయలేరు. ఆ లెక్కను డిపో దగ్గరే కూర్చుని చదివే మనిషి ఉండాలి.

ఇక్కడే మన ప్రాంతానికి ప్రత్యేకమైన చిక్కు ఒకటి ఉంది. గద్వాల, కర్నూలు, రాయచూరు, ఈ మూడూ పక్కపక్కనే ఉన్నా మూడు రాష్ట్రాలవి. మూడు రాష్ట్రాల్లోనూ ఆడవాళ్లకు ఉచిత బస్సు ఉంది. కానీ ప్రతి పథకమూ తన రాష్ట్రం ఆడవాళ్లకే. అలంపూర్ ఆవిడకు పెద్దాసుపత్రి, పెద్ద బజారు అంటే కర్నూలే. తుంగభద్ర దాటాక ఉచిత ప్రయాణానికి ఆమె ఆధార్ కార్డు చెల్లదు. పథకం నడిపే తెలివి ఒక రాష్ట్రం నుంచి ఇంకో రాష్ట్రానికి సులువుగా దాటింది, టికెట్టు మాత్రం దాటలేదు. మూడు ఆర్టీసీల వాళ్లు ఒకచోట కూర్చుని సరిహద్దు ఊళ్ల వరకైనా ఒక ఒప్పందానికి వస్తే ఈ చిక్కు విడిపోతుంది. అంతర్రాష్ట్ర పర్మిట్ల మీద ఒప్పందాలు చేసుకోవడం ఆర్టీసీలకు కొత్తేమీ కాదు.

కొన్ని గబగబా

రద్దీ వేళ నగరం నడిబొడ్డుకు కారులో వస్తే రుసుము కట్టాలన్న నియమం మొదట పెట్టింది సింగపూర్, 1975లో. లండన్ దాన్ని 2003లో అందుకుంది. స్టాక్‌హోమ్ 2006లో కొన్ని నెలలు ప్రయోగంగా నడిపి, ఆపి, ప్రజల ఓటు అడిగింది. మొదట కాదన్న జనమే, రోడ్లు ఖాళీ అవడం చూశాక సరేనన్నారు. న్యూయార్క్ 2025 జనవరిలో మొదలుపెట్టింది. యాభై ఏళ్ల ప్రయాణం అది.

హైదరాబాద్ అవుటర్ రింగు రోడ్డు పక్కన, నార్సింగి, కొల్లూరు వైపు, సోలార్ పలకల కప్పు కింద 23 కిలోమీటర్ల సైకిల్ ట్రాక్ వేశారు. 2023 అక్టోబరు 1న తెరిచారు. దీనికి స్ఫూర్తి దక్షిణ కొరియాలో హైవే మధ్యన వేసిన సోలార్ సైకిల్ దారి. కింద నీడ, పైన కరెంటు. ఎండలు మండే మన ప్రాంతానికి ఈ నీడ అన్న ఆలోచన ఎంతో పనికొచ్చేది. ట్రాక్ మాట అటుంచి, బస్టాపుల మీద ఆ కప్పు వేసినా మేలే.

2020లో కేంద్రం సైకిళ్ల కోసం పెట్టిన పోటీలో వందకు పైగా నగరాలు పేర్లు ఇచ్చాయి. చివరికి ఎంపికైన 11 నగరాల్లో మన వరంగల్ ఒకటి. నడిచేవాళ్ల కోసం వీధులు బాగుచేసే పోటీలో విజయవాడ ఎంపికైంది. నేర్చుకోవడానికి బొగోటా దాకా వెళ్లక్కరలేదు, ముందు వరంగల్ వెళ్లి రావచ్చు.

సైకిల్ అంటే ఇంకో మాట. బిహార్ 2006లో హైస్కూలుకు వెళ్లే ఆడపిల్లలకు సైకిళ్లిచ్చింది. తర్వాత ఆర్థికవేత్తలు లెక్కవేస్తే హైస్కూల్లో చేరే అమ్మాయిల సంఖ్య దాదాపు మూడో వంతు పెరిగిందని తేలింది. ఎక్కువ మేలు జరిగింది బడికి దూరంగా ఉన్న ఊళ్లకు. ఆంధ్రప్రదేశ్ 2017లో బడికొస్తా పేరుతో సైకిళ్లిచ్చింది. ఆఫ్రికాలో జాంబియా పల్లెల్లోనూ అమ్మాయిలకు సైకిళ్లిచ్చి ఫలితాన్ని పరీక్షించారు. ఒక వెనుకబడ్డ రాష్ట్రం అని పేరుపడ్డ చోటి ఆలోచన ఇంకో ఖండానికి పాఠమైంది. పాలమూరును కూడా వెనుకబడ్డ ప్రాంతం అనే అన్నారు చాలాకాలం. అందుకే ఈ ముక్క చదివినప్పుడల్లా నాకు సంతోషం.

కొండెక్కిన కరెంటు బస్సు

తిరుమల ఘాట్ రోడ్డు మీద నడిచే ఎలక్ట్రిక్ బస్సుల వెనక హిమాలయాల అనుభవం ఉందని మీకు తెలుసా? 2017లో హిమాచల్ ఆర్టీసీ మనాలి నుంచి రోహ్‌తాంగ్ కనుమ దాకా ఎలక్ట్రిక్ బస్సులు నడిపింది. దాదాపు 13,000 అడుగుల ఎత్తు. ఆ బస్సులు సమకూర్చినది హైదరాబాద్‌కు చెందిన గోల్డ్‌స్టోన్ సంస్థ, తర్వాత ఒలెక్ట్రాగా పేరు మార్చుకుంది. అదే సంస్థ బస్సులు 2022 సెప్టెంబరులో, బ్రహ్మోత్సవాల వేళ, తిరుమల కొండెక్కాయి. ఘాట్ రోడ్డులో ఎలక్ట్రిక్ బస్సుకు ఒక సౌలభ్యం ఉంది. దిగేటప్పుడు మోటారే చక్రాన్ని నిదానింపజేస్తూ కరెంటు పుట్టించి తిరిగి బ్యాటరీకి పంపుతుంది. డీజిల్ బస్సు దిగేటప్పుడు బ్రేకు వేడెక్కి ఆ శక్తంతా వృథా.

అయితే ఈ బస్సులకు ఖరీదెక్కువ. ఆ చిక్కును విడదీసింది కలిసి కొనడం. 2022లో కోల్‌కతా, ఢిల్లీ, బెంగళూరు, హైదరాబాద్, సూరత్, ఈ ఐదు నగరాల అవసరాలన్నీ కలిపి 5,450 బస్సులకు ఒకే టెండరు పిలిచారు. ఎవరికి వారు అడిగితే రాని ధర అందరూ కలిసి అడిగితే వచ్చింది. కిలోమీటరు లెక్కన డీజిల్ బస్సు కన్నా తక్కువ ఖర్చుకే కంపెనీలు ముందుకొచ్చాయి. ఐదు మహానగరాలు కలిసి బస్సులు బేరమాడగలిగినప్పుడు వనపర్తి, గద్వాల, నాగర్‌కర్నూల్ మున్సిపాలిటీలు కలిసి చెత్త ఆటోలో, వీధి దీపాలో, బస్టాపు కప్పులో బేరమాడుకోలేవా? కరెంటు సంగతంటారా, గద్వాల పక్కనే జూరాలలో 234 మెగావాట్ల జల విద్యుత్ కేంద్రం ఉంది. కృష్ణకు నీళ్లొచ్చిన నెలల్లో పొగ లేని కరెంటు మన ముంగిట్లోనే తయారవుతుంది.

మెట్రో లేని ఊరికి మెట్రో మ్యాపు

అన్నిటికన్నా నేను చెప్పాలనుకున్నది ఇది. స్పెయిన్‌లో పోంతెవేద్రా అనే ఊరుంది. జనాభా 80 వేల పైచిలుకు. వనపర్తి, గద్వాల లాంటి జిల్లా కేంద్రం అనుకోండి. 1999లో మిగెల్ ఆన్షో ఫెర్నాందెస్ లోరెస్ మేయరయ్యేనాటికి ఊరి నడిబొడ్డంతా కార్లే, పొగే. ఆయన వచ్చిన కొద్ది రోజులకే నడిబొడ్డు వీధుల్ని నడిచేవాళ్లకు వదిలేశారు. సరుకు బండ్లకు, అంబులెన్సులకు, ఇళ్లలో వాళ్లకు అవసరమైన మేరకు అనుమతి. ఊరి చుట్టూ ఉచిత పార్కింగ్ పెట్టారు, అక్కడ బండి పెట్టి పది నిమిషాలు నడిస్తే బజారు. దుకాణదారులు మొదట బెంగపడ్డారు. నడిచేవాడే ఆగి చూస్తాడు, ఆగినవాడే కొంటాడు అన్నది తర్వాత వాళ్లే గ్రహించారు. అదే మేయర్‌ను జనం మళ్లీ మళ్లీ గెలిపించారు.

ఆ ఊరు 2011లో ఒక మ్యాపు అచ్చువేసింది. పేరు మెట్రోమినుతో. చూడటానికి అచ్చం మెట్రో రైలు మ్యాపులా రంగు రంగుల గీతలు, మధ్యన గుండ్రటి స్టేషన్లు. కానీ ఆ ఊళ్లో మెట్రో లేదు. ఆ స్టేషన్లు ఊళ్లోని ముఖ్యమైన చోట్లు, గీతల మీద రాసినవి ఒకచోటి నుంచి ఇంకోచోటికి నడిస్తే పట్టే నిమిషాలు. అంతే. ఆ మ్యాపు చేతికొచ్చాక జనానికి అర్థమైంది, తాము బండి తీసేది ఏడెనిమిది నిమిషాల నడకకేనని. ఫ్రాన్స్, ఇటలీ నగరాలు సహా ఎన్నో ఊళ్లు ఆ మ్యాపును తీసుకుని తమకు తగ్గట్టు గీసుకున్నాయి. మెట్రో ఉన్న పెద్ద నగరాలు మెట్రో లేని చిన్న ఊరి దగ్గర నేర్చుకున్నాయి. నాంత్ సంగతి గుర్తుంది కదా.

ఇప్పుడు వనపర్తికి ఆ మ్యాపు గీసి చూడండి. బస్టాండు ఒక స్టేషన్. రాజావారి ప్యాలెస్‌లో నడుస్తున్న పాలిటెక్నిక్ ఒకటి. నల్లచెరువు కట్ట ఒకటి. ఆసుపత్రి, కూరగాయల మార్కెట్, కలెక్టరేట్. గద్వాలకైతే రైల్వే స్టేషన్, బస్టాండు, కోట లోపలి చెన్నకేశవస్వామి గుడి, కోటలోనే ఉన్న డిగ్రీ కాలేజీ, చీరల దుకాణాల వీధులు. ఎవరైనా ఒక టీచరు, పది మంది పిల్లలు, ఒక ఆదివారం పొద్దున నడిచి నిమిషాలు రాసుకుంటే పని అయిపోతుంది. నడిచేటప్పుడు వాళ్లకు ఇంకో సంగతీ తెలుస్తుంది. ఏ చోట మురుగు కాలువ మీది బండ విరిగింది, ఏ చోట ఫుట్‌పాత్ మీద ట్రాన్స్‌ఫార్మర్ నిలబడింది, ఏ చోట నీడ లేదు అన్నది. ఆ జాబితా నిమిషాల మ్యాపు కన్నా విలువైనది. మున్సిపాలిటీ బడ్జెట్ అక్కడి నుంచి మొదలవ్వాలని నా గట్టి అభిప్రాయం.

ఎవరు కలుస్తారు, ఎవరిని పిలుస్తారు

నగరాలు ఒకరి దగ్గర ఒకరు నేర్చుకోవడానికి జరిగే పెద్ద సభలు రెండు మన గడ్డ మీద జరిగాయి. 2014 అక్టోబరులో ప్రపంచ మహానగరాల సంఘం మెట్రోపొలిస్ సదస్సు హైదరాబాద్‌లో జరిగింది. 2017 నవంబరు మొదటి వారంలో దేశ పట్టణ రవాణా సదస్సు, అభివృద్ధి చెందుతున్న దేశాల రవాణా మీద పనిచేసే కొడాటు సదస్సు రెండూ కలిపి అక్కడే జరిగాయి. ఆ నెలాఖరునే, నవంబరు 28న, నాగోలు నుంచి మియాపూర్ దాకా 30 కిలోమీటర్ల మెట్రో ప్రారంభమైంది. మంచి సభలే. కానీ అలాంటి చోట మేయర్లు, నిపుణులు, కంపెనీల వాళ్లు కూర్చుంటారు. 2016 అక్టోబరు 11న కొత్తగా జిల్లా కేంద్రాలైన మన ఊళ్ల లాంటివాటికి కుర్చీ దొరకడం కష్టం. అసలు మార్పు వేగంగా జరుగుతున్నది మాత్రం ఈ ఊళ్లలోనే. కలెక్టరేట్ వచ్చింది, మెడికల్ కాలేజీ వచ్చింది, వెంచర్లు వచ్చాయి. రోడ్డు ఇప్పుడు ఎలా వేస్తే రేపు అలాగే జీవిస్తాం.

ఇంకో మాట. ముంబై లోకల్ రైలు ఎంత రద్దీలో ఎలా నడుస్తుందో, పుణెలో బస్సు పాసు ఎంతో, హైదరాబాద్‌లో ఏ మెట్రో స్టేషన్ దగ్గర ఆటో దొరకదో చెప్పగలిగేవాళ్లు పాన్‌గల్ మండలంలో ప్రతి ఊళ్లోనూ ఉన్నారు. వలసెళ్లి వచ్చినవాళ్లు. ప్రాజెక్టుల దగ్గర మట్టి మోసి, పట్నాల్లో ఇళ్లు కట్టి వచ్చిన పాలమూరు లేబర్. పట్నపు రవాణా వాళ్లకు పుస్తకాల్లో తెలిసింది కాదు, తెల్లవారుజామున అడ్డాకు చేరే తొందరలో తెలిసింది. గ్రామసభలో గానీ మున్సిపల్ సమావేశంలో గానీ బస్సుల సంగతి వచ్చినప్పుడు వాళ్లను ముందు వరుసలో కూర్చోబెట్టి అడగాలి.

చివరగా ఒక ఉపాయం. అమెరికాలోని పోర్ట్‌లాండ్ నగర రవాణా సంస్థలో పనిచేసే బిబియానా మెక్‌హ్యూకు ఒక చిరాకు ఉండేది. కారులో వెళ్లే దారి ఇంటర్నెట్‌లో ఇట్టే దొరుకుతుంది, బస్సు దారి దొరకదు. ఆమె పట్టుబట్టి తిరిగితే గూగుల్ ముందుకొచ్చింది. 2005లో పోర్ట్‌లాండ్ బస్సుల టైములన్నీ ఒక పద్ధతిలో రాసి అందరికీ ఇచ్చారు. ఆ పద్ధతినే ఇవాళ ప్రపంచంలో వేల రవాణా సంస్థలు వాడుతున్నాయి. మన ఆర్టీసీ కూడా 2023 ఆగస్టులో గమ్యం యాప్ తెచ్చి, బస్సు ఎక్కడ ఉందో ఫోన్‌లో చూపిస్తోంది.

బస్సుకు టైం టేబుల్ ఉంటుంది, మరి షేర్ ఆటోకు? కెన్యా రాజధాని నైరోబీలో మతాతు అనే ప్రైవేటు వ్యాన్లదే రాజ్యం. వాటికి మ్యాపు ఉండేది కాదు, ఎవరి నోటి లెక్క వాళ్లది. అక్కడి విశ్వవిద్యాలయం విద్యార్థులు ఫోన్లు పట్టుకుని ఆ వ్యాన్లెక్కి తిరిగి, ప్రతి స్టేజీ రాసుకుని, 130 పైగా రూట్లతో 2014లో మ్యాపు వేశారు. తర్వాత వేరే దేశాల నగరాలు ఆ పద్ధతిని తీసుకున్నాయి. పాన్‌గల్ నుంచి వనపర్తికి, కొల్లాపూర్ వైపుకు, చుట్టుపక్కల ఊళ్లకు ఆటోలు ఏ చౌరస్తా నుంచి ఎన్ని గంటల నుంచి ఎన్ని గంటల దాకా దొరుకుతాయో, మామూలు చార్జీ ఎంతో ఒక బోర్డు మీద ఎక్కడైనా రాసి ఉందా? ఆటో డ్రైవర్లతో కూర్చుని ఆ లెక్క రాయడం డిగ్రీ చదివే పిల్లలకు వేసవి సెలవుల్లో చేయదగ్గ పని. బోర్డుకు జాగా గ్రామ పంచాయతీ ఇస్తే, పెయింటు ఖర్చు ఆటో యూనియన్ వాళ్లే పెట్టుకోవచ్చు, గిరాకీ పెరిగేది వాళ్లకే కాబట్టి.